దానియేలు అండ్ సన్స్ వారి వెబ్‌సైటు

ఓడలకి జెండాలు కుట్టి బతికేవాళ్లు ఉంటారని చాలామందికి తెలియదు. హూగ్లీ నది ఒడ్డున వాట్‌గంజ్‌లో, ఖిదిర్‌పూర్ డాక్ గోడకి కాస్త ఇవతల ఉండే రోజమ్మ పెళ్లయిన నాటినుంచీ చేస్తున్న పని అదే. ఓడ ఏ దేశపు రేవులోకి పోతే ఆ దేశపు జెండా ఎగరెయ్యాలి. దారి చూపే పైలట్ ఎక్కితే ఒక జెండా, మందుగుండు దింపుతుంటే ఇంకొకటి. పసుపుపచ్చ జెండా కనిపిస్తే "మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, లోపలికి రానివ్వండి" అని అర్థం. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారింటికీ ఒక్కో జెండా ఉంది. రోజమ్మ ఆ అక్షరాలని బడిలో నేర్చుకున్నదానికన్నా కుట్టుమిషను మీద నేర్చుకున్నదే ఎక్కువ.

రోజమ్మ తండ్రి భీమిలి నుంచి వచ్చి డాకులో పనిచేశాడు. ఆమె పుట్టింది ఇక్కడే. అత్తవారిల్లు కూడా రెండు సందుల అవతలే. మామగారు దానియేలు వయసులో ఉన్నప్పుడు ఓడల మీద కాన్వాసు కుట్టేవాడు. నేల మీద స్థిరపడ్డాక ఇంటి కింద గదిలో దుకాణం పెట్టి, "దానియేలు అండ్ సన్స్" అని బోర్డు రాయించాడు. సన్స్ అని గొప్పగా రాయించాడు గానీ ఆయనకున్నది ఒక్కడే కొడుకు, ఎలీయాజరు. అతనికి సూదిలో దారం ఎక్కించే ఓపిక కూడా ఉండేది కాదు. డాకులో క్రేన్ నడిపే ఉద్యోగం దొరికితే హాయిగా అందులోకి పోయాడు. కొత్త కోడలు రోజమ్మ మధ్యాహ్నాలు తోచక మామగారి పక్కన కూర్చునేది.

"గాలి ముందుగా చింపేది ఈ చివరనేనమ్మా. ఇక్కడ మడత మీద మడత పడాల," అని ఆయన చూపించేవాడు.

అలా చూసి చూసి కుట్టడం పట్టుబడింది. ఆయన పోయాక మిషన్లు ఆగలేదు. మెటియాబ్రూజ్ నుంచి నసీమా వచ్చి చేరింది, తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఎలీయాజరు రిటైరయ్యాక రోజూ దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకి ఓడల కబుర్లు చెబుతుంటాడు. బోర్డు మీద మాత్రం సన్సే ఉన్నారు.

ఈ మధ్య పారాదీప్ నుంచి ఒక కొత్త కంపెనీవాళ్లు ఫోన్ చేసి, మీ వెబ్‌సైటు లింకు పంపండి, చూసి ఆర్డరిస్తాం అన్నారు. ఫోనెత్తింది రోజమ్మ కూతురు జూలీ. అలీపూర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. తడుముకోకుండా, "కడుతున్నామండీ, వచ్చే నెలకి తయారైపోతుంది," అని చెప్పేసింది.

"లేనిదాన్ని కడతన్నామని ఎందుకు చెప్పావే?" అంది రోజమ్మ.

"ఇప్పుడు కడదాం అమ్మా. అప్పుడు అబద్ధం అవదు కదా."

జూలీకి వెబ్‌సైట్లు కట్టే పిల్ల ఒకామె తెలుసు. పేరు పూజిత, ఊరు కరీంనగర్. సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో ఇలాంటి పనులు ఒప్పుకుంటుంది. ఒకరోజు బస్సులో పూజిత తల్లితో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే, ముందు సీట్లో ఉన్న జూలీ వెనక్కి తిరిగి, "మీరు తెలుగా?" అంది. వాళ్ల స్నేహం అక్కడే మొదలైంది.

ఆదివారం చర్చి అయిపోయాక పూజిత వాట్‌గంజ్ వచ్చింది. రోజమ్మ చేపల పులుసుతో భోజనం పెట్టింది. తిన్నాక కింద దుకాణంలోకి దిగి, బట్ట కత్తిరించే పెద్ద బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. పూజిత ల్యాప్‌టాప్ తెరిచి, "ఎట్లుండాల్నో చెప్పండి ఆంటీ," అంది.

ఆంటీ నోరు తెరిచేలోపల అంకుల్ మొదలుపెట్టాడు. "తెరవగానే ఓడ రావాల. కదిలొస్తన్న ఓడ. వెనకాల సైరను మోగాల. తర్వాత మా నాన్న ఫొటో, కింద ఆయన కథ."

"అలా వద్దు నాన్నా. సింగపూర్‌లో ఒక కంపెనీది చూశాను, నల్లగా భలే క్లాస్‌గా ఉంది, ఎక్కువ అక్షరాలే లేవు," అంది జూలీ.

నసీమాకి తెలుగు సగం అర్థమవుతుంది. "అన్ని జెండాలూ ఒక్కచోట కనపడాలి," అని బెంగాలీలో తన మాట కూడా వేసింది.

"మరి మీకేం కావాలె ఆంటీ?"

"నా ఫోన్ నంబరు పెద్దగా ఉంటే సాలమ్మా," అంది రోజమ్మ.

పూజిత నలుగురి మొహాలూ చూసి ల్యాప్‌టాప్ మూసేసింది. "ఆంటీ, ఇప్పుడే నాకు పని ఇయ్యకండి," అంది.

జూలీ కంగారుపడింది. "ఏటయింది?"

"ఏం కాలే. ఇట్ల మొదలువెడితే నేను ఒకటి కడత, అంకుల్ ఇంకొకటి అంటడు, మళ్ల కూలగొట్టి కట్టాలె. ముందు మీరు మీరు కూసోని అనుకోండి. మీ సైటుకి ఎవరొస్తరు? ఏం దేవులాడుకుంట వస్తరు? దొరికినంక వాళ్లు ఏం చెయ్యాలని మీకున్నది? గివి తేలినంక నన్ను పిలవండి, ఉరికొస్త."

"దేవులాడుకుంటా అంటే ఏటమ్మా?" అన్నాడు ఎలీయాజరు.

"వెతుక్కుంట అంకుల్. ఏటి అంటే ఏంది?"

"ఏటి అంటే ఏమిటని."

పూజిత పకపకా నవ్వింది. "అయితే మనం సైటు కట్టకముందు తెలుగు నేర్చుకోవాలె," అంటూ మిగిలిన చేపముక్క డబ్బాలో పెట్టించుకుని మరీ వెళ్లింది.

మర్నాటి సాయంత్రం బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచారు. నసీమా కొత్త జెండా కొలతలు గీసుకునే కాగితం అది. జూలీ స్కెచ్‌పెన్‌తో దాని మీద ఒక పేజీకి ఒక గడి చొప్పున గీసింది. మొదటి గడిలో ఎలీయాజరు ఓడ బొమ్మ వేశాడు. వేసినవాడు ఊరుకోక పొగగొట్టం, లంగరు, ఓడ మీద నిలబడ్డ తండ్రిని కూడా వేశాడు. గడి నిండిపోయి ఓడ ముక్కు పక్క గడిలోకి వచ్చింది.

"నాన్నా, ఆ గడి జెండాలది."

"ఓడ లేకపోతే జెండా ఎక్కడ కడతావే?"

రెండు రోజులు ఇదే గొడవ. మధ్యాహ్నం పూట ఎలీయాజరు డాకు గేటు దాకా పోయి, నిజం ఓడ సైరను ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాడు. దాన్ని వినిపిస్తే పక్కింటి పిల్లి మిషను కిందనుంచి లేచి పరుగెత్తింది. నసీమా పొట్ట పట్టుకుని నవ్వింది. అదంతా చూసి రోజమ్మ దారం తెంపి మిషను ఆపింది.

"ఎవరొత్తారో, ఏటి కావాలో మనలో మనం కొట్టుకోడం ఎందుకు? వాళ్లనే అడిగితే పోద్ది కదా," అంది.

అంత సులువైన మాట అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఆమె ఫోన్ తీసి, ఎప్పటినుంచో జెండాలు కొంటున్న మిత్రాబాబుకి కలిపింది. ఓడలకి బియ్యం దగ్గర్నుంచి తాళ్ల దాకా సరఫరా చేసే మనిషి. స్పీకర్ పెట్టమని జూలీ సైగ చేసింది.

"దాదా, మేం వెబ్‌సైటు కడదాం అనుకుంటన్నాం. అందులో మీకేం ఉంటే బాగుంటుంది?" అని బెంగాలీలో అడిగింది.

మిత్రాబాబుకి ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, చాలాసేపు ఆపకుండా మాట్లాడాడు. "చూడు దీదీ, పొద్దున్న ఓడ బయల్దేరుతుంది అనగా ముందురోజు సాయంత్రం కెప్టెన్ అంటాడు, బ్రెజిల్ జెండా చినిగింది అని. అప్పుడు నాకు మూడే కావాలి. ఆ జెండా నీ దగ్గరుందా? ఏ సైజులో ఉంది? ఎప్పుడు చేతికిస్తావు? ఇది తెలుసుకుందామని ఫోన్ చేస్తే నువ్వు చర్చిలో పాడుతుంటావు. ఫోన్ మోగుతూనే ఉంటుంది."

"మరి ఓడ బొమ్మ, సైరను?" అని ఎలీయాజరు దూరం నుంచే కేకేశాడు.

"దాదా, నేను రోజంతా ఓడల మధ్యే ఉంటాను. మళ్లీ ఫోన్‌లో కూడానా?" అన్నాడు మిత్రాబాబు.

హల్దియా, విశాఖపట్నం, మళ్లీ ఖిదిర్‌పూర్‌లోనే ఇంకో ఇద్దరు, అలా ఒక్కొక్కరికీ ఫోన్లు పోయాయి. అందరూ ఇంచుమించు ఆ మూడు మాటలే చెప్పారు. ఒకాయన మాత్రం, మీరు కొరియర్‌లో కూడా పంపుతారని నాకు తెలియనే తెలియదు, తెలిస్తే ఎప్పుడో అడిగేవాణ్ని అన్నాడు. పడవ పందేలు పెట్టే క్లబ్బువాళ్లు తమ గుర్తుతో జెండా కుట్టిస్తారా అని అడిగారు. జూలీ అన్నీ కాగితం మీద రాస్తూనే ఉంది. ఓడ పొగగొట్టం మీద కూడా రాసింది.

చివర్లో తనకి తట్టి, హల్దియా ఆయన్ని అడిగింది. "అంకుల్, మీరు మా కంపెనీ కోసం ఇంటర్‌నెట్‌లో ఏమని కొట్టి వెతుకుతారు?"

"పొతాకా దీదీ అని."

బెంగాలీలో పొతాకా అంటే జెండా, దీదీ అంటే అక్క.

"కంపెనీ పేరు కాదా? దానియేలు అండ్ సన్స్?"

"అదెవరు?" అన్నాడాయన అమాయకంగా.

జూలీ నవ్వు ఆపుకుంటూ మిగతావాళ్లకి మళ్లీ ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. మిత్రాబాబు ఫోన్‌లో ఆమె నంబరు "పొతాకా దీదీ" అనే ఉంది. క్లబ్బువాళ్లకీ అంతే. విశాఖపట్నం ఆయన ఒక్కడే తెలుగులో "జెండాలమ్మ" అని రాసుకున్నాడు.

రోజమ్మ మొహం ఎర్రబడింది. సంతోషమో సిగ్గో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్లూ బిల్లు మీద మామగారి పేరే రాసింది. తన వెనక తనకొక పేరుందని ఎవరూ చెప్పలేదు. "మీ నాన్నతో అనకు," అంది జూలీతో. "వాళ్ల నాన్న పేరు ఎవరికీ గుర్తులేదంటే మనసు కష్టపెట్టుకుంటారు."

కానీ ఎలీయాజరు మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

టీ వేళ దాటింది, దీపాలు పెట్టారు, అతను రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేశాడు. రోజమ్మ నాలుగుసార్లు గుమ్మంలోకి వెళ్లి వచ్చింది. "నీ నోరు ఊరుకోదు," అని జూలీని కసిరింది. ఆ తర్వాత సందు మొగలో ఇద్దరు మనుషులు కనిపించారు. డాకు గేటు దగ్గర పాన్ దుకాణం పెట్టుకున్న ముసలాయన, ఎలీయాజరు చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. ముసలాయనకి చూపు అంతగా ఆనదు. గుమ్మం దగ్గరికి వచ్చి హిందీలో, "ఇదిగో బాబూ, పొతాకా దీదీ ఇల్లు ఇదే. దీదీ, ఈయనెవరో నీకోసం ఊరంతా తిరుగుతున్నాడు," అని అప్పగించాడు.

ఎలీయాజరు ఆయనకి దణ్ణం పెట్టి లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భుజాలు ఊగుతున్నాయి. రోజమ్మ భయపడి దగ్గరికి వెళ్లింది. చూస్తే నవ్వుతున్నాడు, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు.

"ఏటండి, ఏటయింది?"

"గేటు దగ్గర్నుంచి ఫ్యాన్సీ మార్కెట్ దాకా అడిగాను. దానియేలు అండ్ సన్స్ ఎక్కడా అని. టీ కొట్టోడికి తెల్దు. లారీలోళ్లకి తెల్దు. నాతో పనిచేసిన కుర్రోడు, వాడిప్పుడు సూపర్‌వైజరు, వాడికీ తెల్దు. నేనెవరో తెలుసు, దుకాణం పేరు తెల్దు. సరే, ఆఖరికి ఈ ముసలాయన్ని పొతాకా దీదీ ఎక్కడా అని అడిగాను. దుకాణం వదిలేసి, నా చెయ్యి పట్టుకుని, నన్ను మా ఇంటికే తీసుకొచ్చేశాడు."

జూలీకి నవ్వు ఆగలేదు. రోజమ్మ మాత్రం నవ్వకుండా, "మావయ్య పేరండి అది. తియ్యకూడదు," అంది.

"తియ్యమని ఎవరన్నారు? బిల్లు మీద ఉంటాది, బోర్డు మీద ఉంటాది. సైటు లోపల ఆయనకో పేజీ ఉంటాది, అది నేను రాత్తాను. కానీ వెతుక్కునేవోడికి దొరకాల కదా. సైటు పేరు పొతాకా దీదీయే." కాస్త ఆగి, "మా నాన్న నీకు కదా నేర్పాడు. నాకు నేర్పితే నేర్చుకున్నానా ఏటి?" అన్నాడు.

రోజమ్మ లేచింది. లోపలికి పోయి టీ పెట్టింది. ఆ టీలో పంచదార రెండుసార్లు వేసింది. అందరూ అలాగే తాగేశారు.

అక్కణ్నుంచి పని ఉరకలేసింది. కాగితం తిరగేసి కొత్తగా గడులు గీశారు. మొదటి గడిలో వెతికే చోటు: దేశం పేరో అక్షరమో కొడితే జెండా, దాని సైజులు, ఉందా లేదా, ఎప్పటికి చేతికొస్తుంది. పక్కనే రోజమ్మ కోరినట్టు ఫోన్ నంబరు, పెద్దగా. తర్వాత సొంత గుర్తుతో కుట్టించుకునేవాళ్లకి ఒక పేజీ, కొరియర్ సంగతి ఒక పేజీ, దానియేలు పేజీ. భాషలు ఇంగ్లీషు, బెంగాలీ. తెలుగు కూడా పెడదాం అంది జూలీ. నువ్వు చదవగలవేటి అని తల్లి అడిగితే, ఇందుకోసమైనా నేర్చుకుంటాను అంది.

మిగిలింది ఫొటోలు. జెండాని బల్ల మీద పరిచి తీస్తే దుప్పటిలా ఉంది. గాలికి ఎగరాలి అంది నసీమా. శనివారం పొద్దున్న అందరూ మేడ మీదికెక్కారు. అక్కణ్నుంచి డాకు లోపల కట్టేసిన ఓడ ఒకటి, దాని పైభాగం, స్పష్టంగా కనిపిస్తోంది. ఎలీయాజరు క్రేన్ రోజుల నాటి ముడులేసి, నీళ్లట్యాంకు నుంచి అవతలి స్తంభం దాకా తాడు లాగాడు. నసీమా జెండాలు అందిస్తుంటే జూలీ వరసపెట్టింది. పి, ఓ, టి, ఏ, కే, ఏ. కాస్త ఖాళీ వదిలి డి, ఐ, డి, ఐ. హూగ్లీ మీదనుంచి మంచి గాలి వచ్చింది. నీలం, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు ఒక్కసారిగా తాడు పొడవునా లేచి పటపటలాడాయి. చుట్టుపక్కల మేడల మీద బట్టలారేస్తున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు.

జూలీ ఫొటోలు తీస్తూనే ఉంది. రోజమ్మ ఓ పక్కన నిలబడి, ఏ కుట్టు ఎక్కడ లాగుతోందో చూసుకుంటోంది.

"రోజీ, అటు సూడు," అన్నాడు ఎలీయాజరు మెల్లగా.

డాకులో ఓడ మీద ఎవరో తాడు లాగుతున్నారు. ఎరుపు తెలుపు చారలతో, కొసకి సన్నబడే పొడవాటి జెండా ఒకటి పైకి పాకింది. సగంలో ఆగి, తర్వాత కొస దాకా వెళ్లి నిలిచింది. అలాంటివి రోజమ్మ ఎన్ని కుట్టిందో లెక్కలేదు. మీరు చెప్పింది చూశాం, అర్థమైంది అని దాని అర్థం.

"ఇంకెవరికో చెబుతున్నారేమో," అంది ఆమె.

"ఇంకెవరికి? ఈ చుట్టుపక్కల జెండాలేసుకు నిలబడ్డవోళ్లు మనం కాక ఇంకెవరున్నారే?"

జీవితమంతా ఓడలు మాట్లాడుకునే మాటలు కుట్టింది రోజమ్మ. ఏ ఓడా ఎప్పుడూ ఆమెతో మాట్లాడలేదు. పైట చెంగుతో చేతులు తుడుచుకుని, మెల్లగా చెయ్యెత్తి ఊపింది. ఓడ పైనుంచి ఒక మనిషి టోపీ తీసి ఊపాడు. నసీమా రెండు చేతులతో దుపట్టా ఊపింది. ఎదురు మేడ మీద ఆవిడ తడి చీర ఊపింది, ఎందుకో ఆమెకి తెలియకపోయినా.

గంట తిరక్కుండానే మిత్రాబాబు ఫోన్ చేశాడు. "దీదీ, ఓడవాళ్లు నన్ను అడుగుతున్నారు, ఆ మేడ ఎవరిదని. వాళ్ల పసుపు జెండా చినిగి పీలికలైందట. నువ్వు సైటు కట్టకముందే వాళ్లు నీ సైటు చూసేశారు." చెబుతూ తనే నవ్వేశాడు.

మరుసటి ఆదివారం పూజిత మళ్లీ వచ్చింది. ఈసారి ల్యాప్‌టాప్ తెరవకుండా ముందు గోధుమరంగు కాగితం మీదికి వంగింది. మొదట్నుంచి చివరిదాకా చదివింది. కాగితం వెనకవైపు ఉన్న ఓడని కూడా చూసి, "ఇది మంచిగుంది, ఎవరేసిన్రు?" అంది. ఎలీయాజరు గర్వంగా జుట్టు సవరించుకున్నాడు.

"గిదే కావాలె ఆంటీ నాకు. ఇప్పుడు పని ఇయ్యండి," అంది. "ఒక్కటి మాత్రం రాయలే మీరు. నేను కట్టిపోయినంక, ఏ జెండా ఉన్నది, ఏది అయిపోయింది అని రోజూ ఎవరు మారుస్తరు? అది మార్చకపోతే సైటు అబద్ధం చెప్తది."

జూలీకి ఆఫీసు. రోజమ్మకి తెరమీద అక్షరాలు కొట్టడం రాదు. ఎలీయాజరు తండ్రి కథ రాయడంలో మునిగి, ఇంకా ఆయన ఓడ రంగూన్ చేరిన చోటే ఉన్నాడు.

నసీమా మిషను మీదనుంచి చెయ్యెత్తింది. "నేను చేస్తాను. ఏ బీ సీ డీలు నాకొచ్చు. ఈ జెండాల మీదే నేర్చుకున్నా," అంది.

పూజిత ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఖాళీ పట్టిక ఒకటి చూపించి, ఎక్కడ కొట్టాలో చెప్పింది. నసీమా ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ క్యూ అని కొట్టింది, అది పసుపు జెండా. పక్కన "ఉంది" అని పెట్టింది.

"ఎన్నున్నాయో కూడా రాయి," అంది రోజమ్మ వెనకనుంచి.

నసీమా లేచి అలమర దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కటీ తీసి చూడడం మొదలుపెట్టింది. పూజిత కుర్చీ వెనక్కి లాక్కుని, "ఆంటీ, ఇయ్యాల చేపల పులుసు చేసిన్రా?" అని అడిగింది.